వెనక వాకిలి గంగాళం

రాఘవమ్మ పొద్దున్నే లేచి ముందు వాకిలి ఊడ్చేది కాదు. వెనక తలుపు తీసి, బావిలో నీళ్లు చేది, గోడవారనున్న ఇత్తడి గంగాళం నింపేది. ముగ్గూ, పొయ్యీ, పాలూ అన్నీ ఆ తర్వాతే. పగలంతా ఎండ తగిలి సాయంత్రానికి ఆ నీళ్లు గోరువెచ్చనయ్యేవి. అవసరం పడకపోతే మర్నాడు వంగ మొక్కలకు పోసి, మళ్లీ కొత్తగా నింపేది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఇదే వరస.

ఆ నీళ్లు ఆమె భర్త దామోదరం కోసం. తిరుపతి రైలు స్టేషను నుంచి అలిపిరికి యాత్రికులను చేరవేసే ఒంటెద్దు బండి ఆయనది. పంతొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరం విషజ్వరాల్లో ఒక ముసలాయన ఆ బండిలోనే కన్ను మూశాడు. వెంట ఎవరూ లేరు. స్టేషనులో దించలేక, అలిపిరిలో వదల్లేక, దామోదరమే శ్మశానానికి తోలుకుపోయి కొరివి పెట్టాడు. అప్పటినుంచి కొండకు వచ్చి దిక్కులేకుండా పోయిన వాళ్లకు ఆయనే దిక్కయ్యాడు. శవాన్ని ముట్టినవాడు ముందు వాకిలి తొక్కకూడదు గనుక వెనక సందులోంచి వచ్చి బావి దగ్గర కూర్చునేవాడు. రాఘవమ్మ ఎడంగా నిలబడి, తాకకుండా, చెంబుతో నెత్తిన నీళ్లు పోసేది.

మొదట్లో నీళ్లు పోస్తూ అడిగేది. "ఎవరంట? ఏ ఊరంట?" కోలారు నుంచి వచ్చిన తాత అనో, తడ దగ్గరి బెస్తామె అనో ఆయన తెలిసినంత చెప్పేవాడు. తెలియకపోతే తెలియదనేవాడు. ఎవరైనా సరే, ఆ సాయంత్రం తులసికోట దగ్గర ఇంకో వత్తి ఎక్కువ వెలిగేది. పదకొండేళ్లు అలా సాగింది. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. నీళ్లు మాత్రం మానలేదు. అడగకుండా నీళ్లు పోయడం మొదలై ఇప్పటికి పంతొమ్మిదేళ్లు.

దామోదరాన్ని గౌరవించాలని ఊరికి తోచడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ గౌరవం ఎందుకో పైకి చెప్పడానికి మాత్రం ఇంకా నోరు రాలేదు. స్వతంత్రం వచ్చి ఏడాది నిండిన రోజు సాయంత్రం బడి ఆవరణలో సభ. ఊరికి సేవ చేసిన ముగ్గురికి సన్మానం. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన పంతులు, మశూచి టీకాలు వేస్తూ పల్లెలన్నీ తిరిగిన కాంపౌండరు, మూడోవాడు దామోదరం. సన్మాన సంఘం కార్యదర్శి జయరావు ఒకప్పుడు బడిలో అయివారు. ఆ పొద్దున సన్మాన పత్రం పట్టుకుని దామోదరం ఇంటికి వచ్చాడు.

"ఇనప్పా దామోదరం. 'ముప్పది సంవత్సరములుగా యాత్రికులకు నిస్వార్థముగా తోడ్పడిన...'"

"ఏమి తోడ్పడినాను అయివారా? బండి ఎక్కినోళ్ల దగ్గర బాడిగ తీసుకుంటానే ఉండా గదా?"

జయరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది కాదప్పా. పండగ దినం. జెండా ఎగరేసిన సోట శవాలు అనే మాట ఎందుకని మావోళ్లు అన్నారు."

దామోదరం నవ్వాడు. "సరే, మీకెట్ల కుదిరితే అట్ల సదువుకోండి."

"ఇంకొక మాట. దంపతులిద్దరూ రావల్ల. రెండు కుర్చీలు ఏసినాం."

"నేను రాను." వంటింట్లోంచి రాఘవమ్మ గొంతు వినిపించింది. గట్టిగా కాదు, రోజూ ఉప్పు అయిపోయిందని చెప్పే గొంతుతోనే. జయరావు దామోదరం ముఖం చూశాడు. దామోదరం నేల చూశాడు. అయివారు పత్రం మడిచి మెల్లిగా లేచాడు.

ఈ సభ కోసమే చిత్తూరులోని అత్తవారింటి నుంచి వచ్చిన కూతురు పంకజాక్షి ఊరుకోలేదు. పచ్చడి నూరుతున్న తల్లి ఎదుట పోయి నిలబడింది.

"ఏమ్మా ఇది? ఊరంతా నాయనను పిలిచి కూసోబెడతా ఉంటే నువ్వు రానంటే ఎట్ల? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురే గదా మీ నాయన సందులో వస్తా ఉంటే ఎనక తలుపులు ఏసుకునింది."

"ఆళ్ల మీద కోపమా?"

"లేదు."

"మరి నాయన మీదా?" తల్లి మళ్లీ నూరడంలో పడేసరికి పంకజాక్షికి రోషం వచ్చింది. "నేను పుట్టినాక నువ్వు నాయనతో నవ్వుతా మాట్లాడింది ఒక్క దినమూ సూళ్లేదు. ఊరోళ్లకు మెచ్చుకునే మనసుండాది, పెండ్లానివి నీకు లేదు!"

రాఘవమ్మ చేతిలో రోకలిబండ ఆగింది. నడవలో స్తంభానికి ఆనుకుని దామోదరం నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. కూతురికే చెప్పింది గానీ మాట ఆయనకు తగలాలనే చెప్పింది.

"మీ నాయన ఎంతమందిని మోసినాడో నాకు తెలుసు. ఆడోళ్లను, మొగోళ్లను, పసిబిడ్డలను మోసినాడు. మాయమ్మను మొయ్యను మాత్రం రాలేదు."

పంకజాక్షి తండ్రి వైపు చూసింది.

"నువ్వు అప్పుడు ఏడాది బిడ్డవు. 'అమ్మ నిన్నే కలవరిస్తా ఉండాది, బిన్నా రా, తడవు సెయ్యొద్దు' అని ఐరాల నుంచి మా పుట్టింటి మనిషి వచ్చినాడు. పాకాల రైలుకు ఇంగా గంట ఉండాది. అంతలో అలిపిరి నుంచి కబురు, మండపంలో ఎవరో పోయినారని. 'ఇట్ల పోయి అట్ల వస్తా, నువ్వు మూట కట్టుకొని ఉండు' అని పోయినాడు మీ నాయన. నిన్ను సంకనేసుకొని, మూట కాళ్ల కాడ పెట్టుకొని, ఆ వాకిట్లోనే నిలబడి ఉన్న్యా. రైలు కూత ఈడికి ఇనపడింది. మర్నాడు పోతే బూడిద ఉండాది. మొగం సూళ్లేదు. ఒక చెంబు నీళ్లు పొయ్యలేదు. నా పేరు పిలస్తానే పోయిందంట."

రాఘవమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే వింటున్న ఇద్దరికీ కొంచెం తేలికగా ఉండేది.

"తప్పే," అన్నాడు దామోదరం. స్తంభం దగ్గరి నుంచి కదల్లేదు. "ఆడ మీ అన్నదమ్ములు నలుగురుండారు, ఈడ ఎవరూ లేరు అనుకున్న్యా. నీకుండేది ఒక్క అమ్మే గదా అని ఆ పొద్దు నాకు తోచలేదు. తోచినాక సెప్పను నోరు రాలేదు."

"నువ్వు సేసేది మంచి పని అని నాకు తెలుసు," అంది రాఘవమ్మ. ఇప్పుడామె నేరుగా ఆయనతోనే మాట్లాడుతోంది. "తెలిసినా కడుపులో మంట సల్లారలేదు. ఈ పొద్దు నీ పక్కన ఆ కుర్చీలో కూసుంటే అంతా ఒప్పుకున్నట్టే గదా? నేను ఒప్పుకోలేదు. అందుకే రాను."

"నువ్వు రాకపోతే నేనూ పోను."

మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. మూడు గంటలకు పంకజాక్షి పక్కింటి చంద్రకాంతమ్మతో కలిసి సభకు బయలుదేరింది. రెండు కుర్చీలు ఖాళీగా ఉంటే ఆ ఇంటి తరఫున ఒక్కరైనా కనబడాలని ఆమె పట్టుదల. మొగుడూ పెళ్లాలు చెరో గదిలో మిగిలారు.

అప్పుడు వెనక సందులోంచి పిలుపు. "అన్నా!"

అలిపిరి మండపం ఊడ్చే మునస్వామి. ముప్పై ఏళ్లుగా కబురు తెచ్చేది అతడే.

"ఇంకెవరినైనా పిల్చుకో మునస్వామీ. ఈ పొద్దు నేను రాను," అన్నాడు దామోదరం.

"ఇంకెవరుండారన్నా?"

"లేకుంటే లేకపోనీ. నా ఇంట్లో మనిషి బాధపడతా ఉండాది. ఒకసారి ఇట్లే వదిలిపెట్టి పోయినా. ఇంగ పోను."

ఆ మాట లోపలికి వినిపించింది. పంతొమ్మిదేళ్లుగా ఆమె వినాలనుకున్నది అదే. విన్నాక మాత్రం అనుకున్నంత ఊరట కలగలేదు. బయట మునస్వామి ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

"ముసిలామె అన్నా. మూడు దినాలుగా మండపంలోనే పడుండాది. కూతురొస్తాదని దోవకల్లే సూస్తా ఉన్నింది. నిన్న మాట పడిపోయింది. ఈ పొద్దు పోయింది."

రాఘవమ్మ వెనక వాకిట్లోకి వచ్చింది.

"ఆడమనిషా? నీళ్లు ఎవరు పోస్తారు?"

మునస్వామి తల గోక్కున్నాడు. "ఎవరు పోస్తారక్కా? ఆడోళ్లకు అన్న ముసుగు తియ్యడు. పైన ఇన్ని నీళ్లు సల్లి, అట్లే బండిలోకి ఎక్కిస్తాడు."

"ఇన్నేండ్లూ ఆడోళ్లందరూ అట్లే పోయినారా?" ఆమె భర్త వైపు తిరిగింది. "నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు అడగలేదు గదమ్మే," అన్నాడు దామోదరం. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నాడు.

రాఘవమ్మ చూపు గంగాళం మీదికి మళ్లింది. ఎవరంట, ఏ ఊరంట అని అడగడం మానేసి భర్తను శిక్షిస్తున్నానని ఇన్నాళ్లూ అనుకుంది. ఆ శిక్ష ఎవరెవరి మీద పడిందో ఇప్పుడు తెలిసింది. ఏ ఇంటి తల్లులో, ఏ వాకిట్లో ఎవరు ఎదురుచూస్తూ ఉన్నవాళ్లో, ఒక చెంబు నీళ్లకు నోచుకోకుండానే పోయారు. తన అమ్మకు నీళ్లు పోయలేదని రగిలిపోయిన మనిషి, ఇంకొకరి అమ్మకు ఎవరు పోస్తున్నారని ఒక్కసారైనా అడగలేదు.

లోపలికి వెళ్లి పసుపు డబ్బా, దువ్వెన, ఉతికిన పాత చీర తెచ్చింది. గంగాళంలో నీళ్లు కడవకెత్తింది.

"బండి కట్టు," అంది.

"సభ ఉండాది గదే..."

"కట్టు."

అలిపిరిలో మండపం మూలన మునస్వామి చాప అడ్డం కట్టాడు. మగవాళ్లిద్దరూ అటు తిరిగి కూర్చున్నారు. చాప వెనక మొదట నీళ్ల చప్పుడు వినిపించింది. ముసలామె నడిచి వచ్చినట్టుంది, వేళ్ల సందుల్లో దుమ్ము గట్టిపడి ఉంది. రాఘవమ్మ ఒక్కో వేలూ విడదీసి కడిగింది. ముఖానికి పసుపు రాసింది. జడలు కట్టిన వెంట్రుకలు మెల్లిగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు చిక్కు తీసి దువ్వింది. కొంతసేపటికి నీళ్ల చప్పుడు ఆగి ఏడుపు మొదలైంది. ఐరాలలో బూడిద ముందు నిలబడినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. దామోదరం వెనక్కి తిరగకుండా చేతులు ముడుచుకుని అలాగే విన్నాడు.

శ్మశానం వరకూ ఆమె బండిలోనే వచ్చింది. ముసలామె తల రాళ్ల దోవలో అటూ ఇటూ కదలకుండా ఒడిలో పెట్టుకుంది. గేటు దగ్గర దిగి, పని అయ్యేవరకూ చింతచెట్టు కింద నిలబడింది. తిరుగు దోవలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయినా ఆ మౌనం ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్నది కాదు.

దీపాలు పెట్టే వేళకు బండి వెనక సందులోకి తిరిగింది. సందులో జనం ఉన్నారు. ఎప్పుడూ మూసి ఉండే ఇరుగుపొరుగు వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. బావి దగ్గర రెండు పూలదండలు, శాలువా పట్టుకుని జయరావు, పక్కన పంకజాక్షి నిలబడి ఉన్నారు.

"అయివారా, దూరంగా ఉండండి. మైల," అన్నాడు దామోదరం.

"నాయనా, కుర్చీలు రెండూ ఖాళీగా ఉంటే దామోదరం యాడ అని జనం అడిగినారు," అంది పంకజాక్షి ఆత్రంగా. "మునస్వామి వచ్చి సంగతి సెప్పినాడు. అప్పుడు అయివారు పత్రం పక్కన పెట్టేసి, దిక్కులేని శవానికి సంస్కారం సెయ్యను మొగుడూ పెండ్లాలిద్దరూ పోయినారని గట్టిగా సెప్పినారు. సభలో అందరూ లేసి నిలబడినారు."

జయరావు ముందుకు వచ్చాడు. దండలూ శాలువా గోడ మీద పెట్టాడు. పంచె ఎగగట్టి, బావిలో బొక్కెన వేసి చేది, దామోదరం నెత్తిన కుమ్మరించాడు. పాఠాలు చెప్పిన చేతులు, అలవాటు లేని పని, సగం నీళ్లు నేల పాలయ్యాయి. దామోదరం వద్దు వద్దంటున్నా ఆయన రెండో బొక్కెన చేదడం మొదలుపెట్టాడు.

పంకజాక్షి తల్లిని పక్కన రాతి మీద కూర్చోబెట్టింది. పొద్దున తల్లి నింపిన గంగాళంలో అడుగున మిగిలిన నీళ్లు చెంబుతో ముంచి, తలమీద పోసింది. ఎప్పుడో పసితనంలో విన్నదో, అసలు విననే లేదో, మాట దానంతట అదే నోట్లోకి వచ్చింది.

"ఎవరమ్మా? ఏ ఊరంట?"

ముఖం మీద కారుతున్న నీళ్లను రాఘవమ్మ తుడుచుకోలేదు.

"మాయమ్మ," అంది. "ఐరాల."

జయరావు చేతిలో తాడు ఆగిపోయింది. దామోదరం రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. వేలమందిని మోసినా ఎవరి ముందూ కన్నీరు పెట్టని మనిషి. రాఘవమ్మ రాతి మీద నుంచి లేచింది. ముప్పై ఏళ్లుగా ఆ బావి దగ్గర ఆమె ఆయన్ను తాకలేదు. ఈ పొద్దు ఇద్దరిదీ ఒకే మైల, ఎడంగా నిలబడవలసిన పని లేదు. దగ్గరికి పోయి ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"పొయ్యమ్మా," అంది కూతురితో. "మీ నాయనకు ఇంకో చెంబు పొయ్యి."