రసంలో మిరియాలు

రైలెక్కబోతూ, చేతిలో టీ గ్లాసుతోనే కూలిపోయాడు ఏజెంట్ ఆనంద్ బాబు. సాగనంపడానికి వెళ్ళిన తోటి ఏజెంట్ ప్రమీలారాణి చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచాడు. ఆ తర్వాత ఆమె ఎవరినీ సాగనంపడానికి వెళ్ళలేదు.

"పోస్ట్‌మార్టంలో పొట్టలో బెలూన్ పొర దొరికింది," అన్నాడు చీఫ్ లక్ష్మీనరసింహారావు. "సన్నబడటానికి కొత్త ట్రీట్‌మెంట్. కోత లేదు, మత్తు లేదు. క్యాప్సూల్ మింగుతారు. దానికున్న సన్నటి ట్యూబ్‌లోంచి నీళ్ళు పంపితే లోపల బెలూన్ ఉబ్బుతుంది. ఆకలి చస్తుంది. నాలుగు నెలలకి అదే తెరుచుకుని, నీళ్ళు వదిలేసి బయటికి పోతుంది."

"నీళ్ళకి బదులు విషం నింపితే?"

"నాలుగు నెలలు హాయిగా తిరిగి మనిషి ఎక్కడో చస్తాడు. క్లినిక్‌ని ఎవరనుమానిస్తారు?"

క్లినిక్ నూజివీడు దాటాక, రెడ్డిగూడెం రోడ్డులో మామిడి తోటల మధ్య ఉంది. వెనక విదేశీ ముఠా. రేపు అక్కడ క్యాప్సూల్ మింగబోయేది మిస్సైల్ సైంటిస్ట్ కృష్ణకాంత్. గదిలో ఉండేది ఇద్దరే: డాక్టర్ భాస్కరరావు, డైటీషియన్ ప్రవల్లిక.

"ప్రవల్లిక మన మనిషే. చాట్రాయిలో పుట్టి పెరిగింది. హంతకుడు డాక్టరేనని కబురు పంపింది. విషంతో సహా దొరకాలి. నువ్వు కృష్ణకాంత్‌కి అక్కగా వెళ్ళు."

"విషం సంగతి ఆయనకి తెలుసా సార్?"

చీఫ్ ఫైలు మూసేశాడు.

మర్నాడు తోటలో ఆకు కదలడం లేదు. పండిన రసాల వాసన గదిని కమ్మేసింది. బయట కాయ దబ్బున రాలినప్పుడల్లా ప్రమీలారాణి ఉలిక్కిపడుతోంది. ఒళ్ళో చేతిసంచి, అందులో పిస్టల్. దాని మూతి డాక్టర్ వైపే.

కృష్ణకాంత్ క్యాప్సూల్ మింగాడు. నోట్లోంచి ట్యూబ్ వేలాడుతోంది. భయంతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆనంద్ బాబు కూడా ఇలాగే పట్టుకున్నాడు.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, "నింపండమ్మా," అన్నాడు. సినిమా పోస్టర్లోంచి దిగినట్టున్న ప్రవల్లిక, స్టాండుకి వేలాడుతున్న నీళ్ళ సంచికి ట్యూబ్ తగిలించింది. కళ్ళతోనే డాక్టర్‌ని చూపించింది.

ప్రమీలారాణి అక్క వేషం నిలబెట్టుకోవాలి. "ఈ వారమంతా ద్రవాలేనట కదమ్మా. మా తమ్ముడికి రసమంటే ప్రాణం. పెట్టొచ్చా?"

"భేషుగ్గా పెట్టండి ఆంటీ. కాస్త మిరియాలు ఎక్కువ దంచి వెయ్యండి."

డాక్టర్ పకాల్న నవ్వాడు. "రసంలో మిరియాలేంటమ్మా, పండులో కూరతారా? వద్దండీ, అంతా షుగరే. టెంక కూడా చీకనివ్వకండి!"

ప్రమీలారాణికి అప్పుడు తట్టింది. ఈ తోటల్లో పుట్టినవాళ్ళకి రసమంటే మామిడిపండు. మిరియాలు వేసేది చారులో. చాట్రాయి పిల్ల ఆ మాట అనదు.

పిస్టల్ మూతి తిరిగింది. "చెయ్యి తియ్!"

ప్రవల్లిక నవ్వుతూనే ట్యాప్ తిప్పేసింది. ద్రవం ట్యూబ్‌లో జరజరా జారింది. కృష్ణకాంత్ పెదవులకి బెత్తెడు దూరంలో ప్రమీలారాణి ట్యూబ్‌ని మడిచి బిగించి నొక్కింది.

"ఏ ఊరే నీది?"

"ఊరు తెలిస్తే ఏం చేస్తారు ఆంటీ? నా తర్వాత వచ్చేవాళ్ళు చారూ రసం బాగా నేర్చుకునే వస్తారు."

కోత కూలీల వేషంలో ఉన్న ఏజెంట్లు ప్రవల్లికని తీసుకుపోయారు. ఖాళీ బెలూన్‌ని డాక్టర్ బయటికి లాగాడు. జరిగింది విన్న కృష్ణకాంత్ పొట్ట తడుముకున్నాడు.

"సన్నబడి వస్తానని మా ఆవిడకి మాటిచ్చానండీ," అన్నాడు. "ఇప్పుడేం చెప్పమంటారు?"

"బరువుతో పాటు ప్రాణం కూడా తగ్గిస్తామన్నారు," అంది ప్రమీలారాణి. "బేరం కుదరలేదని చెప్పండి."