రాగసుధ చెయ్యి ఏమైంది?

"జర మెల్లగ పట్టుకో కేదార్. ఆ పిల్ల చెయ్యి విరుగుతది!"

పచ్చ తెర ముందు రాగసుధ చెయ్యి పట్టుకుని నిలబడ్డ కేదార్, ధాత్రి మాటకు నవ్వాడు. ధాత్రి నవ్వలేదు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్ పక్క సందులో వాళ్ల యానిమేషన్ కాలేజీ. చివరి ఏడాది ప్రాజెక్టుకు కేదార్ ఒక చిన్న సినిమా తీస్తున్నాడు. ఓ అబ్బాయీ అమ్మాయీ చేతులు పట్టుకుని పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదుగా ఎగిరిపోతారు. అబ్బాయి తనే. అమ్మాయిగా ముందు ధాత్రినే అడిగాడు. "కెమెరా ముందుకా? నేనా? పో!" అని కొట్టిపారేసింది. ఆ వేషం రాగసుధకు దక్కింది.

ఎఫెక్ట్స్ పని మాత్రం ధాత్రిదే. కంప్యూటర్లో ఒక్కో ఫ్రేమూ తెరిచి, ఇద్దరి చుట్టూ గీత గీసి, వెనకున్న పచ్చ తెర తీసేసి ఆకాశం పెట్టాలి. ఫ్రేమ్ మార్చినప్పుడల్లా మళ్లీ అవే వేళ్లు, పెనవేసుకుని! ధాత్రి కడుపు మండిపోయేది.

"మా జోడీ బాగుంది కదూ?" అంది పక్క సీట్లోంచి రాగసుధ.

"మస్తుంది," అంటూ ధాత్రి పళ్లు బిగించి, తెర మీది రాగసుధ చేతిని మోచేతి దాకా చెరిపేసింది. తర్వాత సరిచెయ్యొచ్చులే అనుకుంది. సరిచెయ్యలేదు.

శుక్రవారం వంశీధర్ సార్ క్లాసందరి ముందూ ఆ సినిమా వేయించారు. కేదార్ గాలిని గట్టిగా పట్టుకుని ఎగురుతున్నాడు. పక్కన చెయ్యి లేని రాగసుధ సిగ్గుపడుతోంది. క్లాసు గొల్లుమంది.

"ఎవరు చేశారిది?" సార్ గొంతు లేచింది. "చేసినవాళ్లకి సున్నా!"

ధాత్రి నోరు తెరిచేలోగా కేదార్ లేచాడు. "నేనే సార్. తొందరలో పాడుచేశాను." అని బయటికి వెళ్లిపోయాడు.

వరండాలో వాన జల్లు కొడుతోంది. ధాత్రి వెనకాలే వచ్చింది.

"నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

"నీ మార్కులు పోతాయని."

"నేను కావాల్ననే చేసిన."

"తెలుసు. వెంట్రుక కూడా పోకుండా గీస్తావు. అంత చెయ్యి ఎలా పోతుంది?"

"తెలిసి సుత ఎందుకని అడగవా?"

"నువ్వే చెబుతావని చూస్తున్నా."

ధాత్రి వాన వైపు తిరిగింది. "ఆమె చెయ్యి నువ్వు పట్టుకుంటే నాకు చూడబుద్ధి కాలే. చాలా?"

"మరి నేనడిగితే పొమ్మన్నావేంటి? రెండు రోజులు అన్నం సయించలేదు నాకు."

"నా చెయ్యి పట్టుకుంటే గుండె దడ నీకు తెలిసిపోతదని భయమైంది."

కేదార్ ఏదో అనేలోపే ధాత్రి గిర్రున తిరిగి క్లాసులోకి నడిచింది.

"సార్, కేదార్ అబద్ధం చెప్పిండు. అది నేను చేసిన. కుళ్లుతోని చేసిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సాయంత్రానికి సరిచెయ్. అతని మార్కులు అతనికుంటాయి. నీకు మాత్రం పది తగ్గిస్తాను."

"సరే సార్."

రాగసుధ ధాత్రి ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా చెయ్యి నాకిచ్చెయ్ తల్లీ! ఆయన్ని నువ్వే ఉంచుకో."

క్లాసు మళ్లీ గొల్లుమంది. వరండాలోంచి లోపలికొచ్చిన కేదార్ చెవుల దాకా ఎర్రబడి, కుర్చీ లాక్కుని, కంప్యూటర్ ముందు కూర్చున్న ధాత్రి పక్కన చేరాడు.

"మళ్లీ షూట్ చేద్దామా? హీరోయిన్ని మార్చేస్తా," అన్నాడు మెల్లగా.

"వద్దు. సినిమాల ఆమెనే ఉండనీ."

కుడిచేత్తో మౌస్ పట్టుకున్న ధాత్రి, ఎడమచేత్తో టేబుల్ కింద అతని చెయ్యి అందుకుంది.