పైకి చూడని మనిషి

"ఆ వెలుగేమిటో తేల్చు. తేలేదాకా మొహం చూపించకు," అన్నాడు చీఫ్.

పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంటులో అందరూ 'ఉడుము' అని పిలిచే ఆ ఏజెంటు తల ఊపాడు. వైమానిక స్థావరం మీద పొద్దుగుంకగానే ఇప్పటికి రెండుసార్లు ఒక తెల్లటి వెలుగు కనిపించింది. పాత రాడార్‌కు అది చిక్కలేదు. మళ్లీ వస్తే, ఇన్నాళ్లూ రహస్యంగా దాచిన కొత్త రాడార్‌ను ఆన్ చెయ్యడానికి కమాండర్ పట్టుబట్టి అనుమతి తెచ్చుకున్నాడు. అక్కడి వాతావరణ అధికారిణి మన మనిషేనని, విదేశీ ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్ల గుట్టు మనకు చేరవేస్తోందని చెప్పి, కోడ్ కూడా ఇచ్చాడు చీఫ్.

"ఇంకో సంగతి. ఈసారి ఆ వెలుగు వెంట వెళ్లే పైలట్ మీ చెల్లెలు."



మర్నాడు సాయంత్రానికల్లా అతను ఎలక్ట్రీషియన్ వేషంలో స్థావరంలో ఉన్నాడు. వాతావరణ కేంద్రం మెట్ల మీద ఆమె ఎదురైంది. పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు, మతి పోగొట్టే నవ్వు.

"ఫ్యాను ఎటు తిరుగుతోంది మేడమ్?"

"గాలి ఎటుంటే అటు."

కోడ్ సరిపోయింది.

చీకటి పడీ పడకముందే సైరన్ మోగింది. పడమటి కొండల మీద వెలుగు. యుద్ధవిమానం ఒకటి రన్‌వే దద్దరిల్లేలా పైకి లేచింది. వంటవాళ్లు, మెకానిక్కులు, చివరికి కాపలావాళ్లు కూడా ఎక్కడివాళ్లక్కడ మెడలెత్తి నిలబడిపోయారు. ఉడుము మాత్రం ఆ జనాన్ని చూస్తున్నాడు. అతని వృత్తి అది.

ఒకే ఒక్క మనిషి పైకి చూడటం లేదు.

ఆకాశాన్ని చూడటమే ఉద్యోగమైన వాతావరణ అధికారిణి, ఆ మసక చీకట్లో పౌడర్ డబ్బా తెరిచి, దాని అద్దాన్ని కొత్త రాడార్ టవర్ వైపు పట్టుకుని ఉంది.

ఉడుముకు అర్థమైంది. ఆమె నటిస్తున్నది ముఠా దగ్గర కాదు, మన దగ్గర. వెలుగు ఉత్త ఎర. వాళ్లకు కావలసిన చేప కొత్త రాడార్. అది ఒక్కసారి ఆన్ అయితే చాలు, దాని సిగ్నల్ ఆ డబ్బాలో దాచిన యంత్రంలో రికార్డయిపోతుంది. ఆ తర్వాత శత్రువు తలుచుకున్నప్పుడల్లా మన రాడార్ కళ్లకు గంతలు కట్టగలడు.

లౌడ్‌స్పీకర్‌లో కౌంట్‌డౌన్ మొదలైంది. ఉడుము పవర్ రూముకు పరుగెత్తాడు. "ఒకటి" అన్న మాట పూర్తవుతుండగా మెయిన్ లివర్ కిందికి లాగేశాడు. స్థావరం మొత్తం చీకటైంది.

టార్చితో, పిస్టల్‌తో కమాండర్ దూసుకొచ్చాడు. "కొండల మధ్య నా పైలట్‌ని గుడ్డిదాన్ని చేశావు. లివర్ ఎత్తు, లేకపోతే కాల్చేస్తా."

"ఆ పైలట్ నా చెల్లెలు సార్," అన్నాడు ఉడుము, లివర్ మీంచి చెయ్యి తియ్యకుండా. "మీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది."

"వీడు శత్రువుల మనిషి. మాట్లాడనివ్వకండి," అంది వెనకే వచ్చిన వాతావరణ అధికారిణి.

చెల్లెలితో ఒక్క మాట చెప్పనిమ్మని ఉడుము బతిమాలాడు. కమాండర్ క్షణం తటపటాయించి, పిస్టల్ అతని కణతకు ఆనించి, నడుముకున్న వైర్‌లెస్ తీసి అతని నోటి దగ్గర పెట్టాడు.

"చెల్లీ, రాడార్ లేదు. కొండలకంటే బాగా పైకి వెళ్లు. నీ కళ్లనే నమ్ముకో."

గరగరమని శబ్దం. "అన్నయ్యా? ఇక్కడ కూడా నీ సలహాలేనా?"

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. పిస్టల్ చల్లగా తగులుతూనే ఉంది.

"బెలూను. కింద దీపం కట్టి వదిలారు, అంతే. కాల్చనా?" మళ్లీ చెల్లెలి గొంతు.

"కాల్చు," అన్నాడు కమాండర్.

కిటికీలోంచి కనిపిస్తున్న వెలుగు ఆరిపోయింది.

"మేడమ్," అన్నాడు ఉడుము, "ఆ పౌడర్ డబ్బా ఒకసారి సార్‌కి చూపిస్తారా?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లబోయింది. అప్పటికే కమాండర్ పిస్టల్ ఆమె వైపు తిరిగింది.

మర్నాడు పేపర్లలో ప్రభుత్వ ప్రకటన వెలువడింది. జనం చూసిన వెలుగు శుక్రగ్రహమేననీ, ఎవరూ భయపడనక్కరలేదనీ దాని సారాంశం. చెల్లెలు ఆ పేపరు తెచ్చి అన్న ఒళ్లో పడేసింది.

"శుక్రుణ్ణి కూల్చిన మొట్టమొదటి పైలట్‌ని నేనే అన్నమాట. దీనికి మెడల్ ఎవరిస్తారు అన్నయ్యా?"