అక్క ప్లగ్గు పీకని రోజు

"నీలం కోటు రెడీ అయిందా?" అని అడుగుతూ నత్త లాండ్రీ షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరాడు.

"గుండీ ఒకటి ఊడింది" అని జవాబు రావాలి. అది కోడ్. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ రోజు మాత్రం లోపలి నుంచి ఆవిరి బుసకొడుతున్న చప్పుడు తప్ప మరేమీ రాలేదు.

నత్త ఒక గూఢచారి ఏజెన్సీలో సీనియర్ ఫీల్డ్ ఏజెంటు. ఈ పూట మీటరు రీడింగు తీసేవాడి వేషంలో ఉన్నాడు. ఖాకీ చొక్కా, చెవిమీద పెన్సిలు, చేతిలో ప్యాడ్, ప్యాడ్ కింద పిస్టల్. లాండ్రీ ఓనరు ఇన్‌ఫార్మరు. గంట కిందట ఆయనే కబురు పంపాడు: "డబ్బాలు రెండూ చేరాయి. వెంటనే రా."

ఓనరు ఉతికిన కోట్ల మధ్యనే కనిపించాడు. హ్యాంగర్లు తగిలించే రాడ్డుకు ఆయన్ని కూడా వేలాడదీశారు. మెడ చుట్టూ సన్నటి తీగ కోసుకుపోయిన గీత. నెత్తురు చొక్కా మీదుగా కారి బూటు చివర నుంచి ఇంకా బొట్లు బొట్లుగా పడుతోంది. ఎప్పుడు వచ్చినా టీ తాగందే కదలనిచ్చేవాడు కాదు ఆ మనిషి.

బిగుసుకున్న పిడికిట్లో ఏదో ఉంది. వేళ్ళు విప్పి చూశాడు. ముత్యం. గుండ్రటి, తెల్లటి, ఖరీదైన ముత్యం.

అది ఎవరిదో ఆలోచించే లోపే వెనక కోట్ల వరస కదిలింది.

వచ్చినవాడు బండోడు. తలుపంత మనిషి. మొదటి దెబ్బకే నత్త చేతిలోని పిస్టల్ ఎగిరి బట్టల గుట్టలో పడింది. రెండో దెబ్బకు పక్కటెముక ఒకటి టప్పుమంది. బండోడు మెడ పట్టుకుని నత్తను స్టీమ్ ప్రెస్ మీదికి వంచాడు. కాలుతున్న రేకు చెంపకు అంగుళం దూరంలోకి వచ్చింది. నత్త చెవిమీద పెన్సిలు తీశాడు. ఏజెన్సీ పెన్సిలు కదా, లోపల ఉండేది సీసం కాదు, ఉక్కు మొన. దాన్ని బండోడి తొడలో దిగేసి ఒక తిప్పు తిప్పాడు. వాడు గావుకేక పెట్టి పట్టు వదిలాడు. నత్త వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని ప్రెస్ అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టాల్సిన పనిలేదు గానీ ఓనరు బూటు కళ్ళ ముందు కనిపించింది. కొట్టాడు.

బండోడు నేలమీద కూలబడ్డాడు. తొడలో తెగకూడని నరమేదో తెగినట్టుంది, నెత్తురు మడుగు కట్టేస్తోంది.

వాడి సంచిలో స్పాంజితో చేసిన మూస ఉంది. టిఫిన్ డబ్బా సైజు గుంటలు రెండు. రెండూ ఖాళీ. వాడి ఫోన్లో రెండే రెండు నంబర్లు. "షెడ్డు" అని ఒకటి, "ఇల్లు" అని ఒకటి. ఒక్కొక్కటీ చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు ముక్కలు. ఇంటర్నెట్ అడ్రసులు.

"ఇల్లు" పక్కనున్న నంబరు చూడగానే నత్త గుర్తుపట్టాడు. ఆఖరి ముక్క నూట పదిహేడు. అది వాళ్ళ అక్క ఇంటి నంబరు.

బావ పోయాక అక్క ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. తల్లి లేని తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసిన మనిషి. నోట్లో ముద్ద పెట్టుకుని గంటసేపు కూర్చునేవాడని "నత్త" అని పేరు పెట్టింది కూడా ఆవిడే. ఆఫీసువాళ్ళు దాన్నే కోడ్‌నేమ్ చేసేశారు. దూరాన ఉన్నా అక్క గుమ్మం కనిపించాలని నత్త అక్కడ ఒక కెమెరా బిగించాడు. బయటి నుంచి ఆ కెమెరా అందుకోవాలంటే ఇంటి రౌటర్‌కు ఆ రోజు ఏ నంబరుందో తెలియాలి. చవక కనెక్షను కాబట్టి రౌటర్ ఆగి మళ్ళీ వెలిగినప్పుడల్లా కంపెనీ కొత్త నంబరు తగిలిస్తుంది. అందుకని ఆ ఇంట్లో చిన్న పెట్టె ఒకటి పెట్టాడు. నంబరు మారినప్పుడల్లా తేదీ, టైము, కొత్త నంబరు ఆఫీసు సర్వర్‌లోని లాగ్‌లో రాసిపెట్టడమే దాని పని.

అక్కకు ఒక అలవాటుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఇల్లంతా తిరిగి కనిపించిన ప్రతి ప్లగ్గూ పీకేస్తుంది. కరెంటు బిల్లంటే ఆవిడకు అంత భయం. మళ్ళీ తగిలించగానే రోజూ పొద్దున లాగ్‌లో ఒక కొత్త లైను పడుతుంది. ఆఫీసులో అదో పెద్ద జోకు. "ఏం నత్తా, మీ అక్క పళ్ళు తోముకుందా?" అని క్యాంటీన్లో అందరూ ఆటపట్టించేవాళ్ళు.

ఫోన్లో ఉన్నది నిన్నటి నంబరు. పొద్దున అక్క ప్లగ్గు పీకేసి ఉంటుంది, ఇది చెల్లదు, అనుకుని ఊపిరి తీసుకున్నాడు నత్త. ఎందుకైనా మంచిదని తన ఫోన్లో లాగ్ తెరిచాడు.

ఈ రోజు లైను లేదు.

నాలుగేళ్ళలో మొదటిసారి నంబరు మారలేదు. అక్కకు డయల్ చేశాడు.

"ఏరా, పనివేళ ఫోన్ చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"అక్కా, పొద్దున ప్లగ్గులు పీకలేదా?"

"పీకకేం! పీకినా ఆ రౌటర్ లైట్లు ఆరితే కదా. నిన్న నీ పేరున వచ్చిన డబ్బా ఉందిగా, ఏదో బ్యాటరీ బ్యాకప్పట. దాన్ని తెచ్చినవాడే రౌటర్‌కు తగిలించి పోయాడు. కరెంటు దండగ చేయడానికి నీకు డబ్బులెక్కువయ్యాయిరా? డాక్టరుగారు కూడా అదే…"

లైను తెగిపోయింది. మళ్ళీ చేశాడు. కలవలేదు. ఆ ఇంట్లో ఫోన్లు పనిచేయకుండా ఎవరో జామర్ వేశారు.

నత్త ఏ డబ్బా పంపలేదు.

డాక్టరుగారంటే కెమిస్టు. విదేశీ ముఠాకు రెండేళ్ళు విషాలు తయారుచేసి, చివరికి మనసు చంపుకోలేక పారిపోయి వచ్చినవాడు. ముఠా పేర్లన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. ఆయన్ని దాచిన సేఫ్ హౌసులు రెండు వరసగా తగలబడ్డాయి. ఇక ఆఫీసు ఇళ్ళు వద్దు, మా అక్క ఇల్లయితే ఎవరికీ అనుమానం రాదు, అన్నది నత్తే. ఐదింటికి లాయరు వచ్చి ఆయన వాంగ్మూలం తీసుకుంటాడు.

నత్త బండోడి కాలరు పట్టుకుని లేపాడు. "డబ్బాలో ఏముంది?"

బండోడు నెత్తుటి పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "ఎత్తినా పేలుతుంది. ప్లగ్గు పీకినా బతికే ఉంటుంది. ఐదింటికి లాయరు లోపలికెళ్ళగానే ఇంటర్నెట్లో ఒక్క సిగ్నల్. మీ అక్కతో సహా…"

"రెండో డబ్బా ఎక్కడ?"

"షెడ్డులో. స్పేరు. పొద్దున దానిమీదే సిగ్నల్ టెస్టు చేశాం. అందింది." వాడి కళ్ళు తేలిపోయాయి. "మీ ఆఫీసులోనే మా మనిషి…" అంటూ తల వాల్చేశాడు.

నత్త పెద్దాయనకు ఫోన్ చేశాడు. ఏజెన్సీ బాస్. మాటలు పొదుపుగా వాడే మనిషి.

"సార్, అక్క ఇంట్లో బాంబు. రౌటర్ పక్కనే. ట్రిగ్గర్ రిమోట్."

"టైము?"

"పావుగంట. నేనున్న చోటి నుంచి గంట దారి."

"మెట్ల దగ్గర కాపలా ఉంటుంది. మనవాళ్ళు కనిపించినా, లాయరు వెనక్కి తిరిగినా ముందే నొక్కేస్తారు. కనెక్షను కోయమని కంపెనీకి చెప్పనా?"

"కస్టమర్ కేర్ సార్. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనేలోపే ఐదవుతుంది."

పెద్దాయన తిట్టిన తిట్టు రాయదగ్గది కాదు.

"సార్, ఆ లాగ్ చూడగలిగేది ఎవరెవరు?"

"నువ్వు, నేను, ముత్యాలావిడ."

"ఆవిడ ఎక్కడుంది?"

"లీవు." అనేశాక ఆయనకూ వెలిగింది. "ఓరి దేవుడా."

ముత్యాలావిడ ఆఫీసులో అనలిస్టు. నడిస్తే కారిడార్ మొత్తం సెంటు వాసన. మెడలో ఎప్పుడూ ఒంటిపేట ముత్యాల దండ. పళ్ళు తోముకునే జోకు మొదలుపెట్టింది ఆవిడే. ఆవిడ నవ్వితే తనూ నవ్వాడు నత్త. రౌటర్ సంగతి, అక్క అలవాటు సంగతి, అన్నీ తనే గొప్పగా చెప్పుకున్నాడు. తన నోటితో తనే అక్కను చంపుకుంటున్నానని తెలిసి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. దానికి టైము లేదు.

ఒకటే దారి ఉంది. లాగ్ తెరిచాడు. ఈ రోజు తేదీ వేశాడు. ఇప్పటి టైము వేశాడు. దాని పక్కన అక్క ఇంటి నంబరుకు బదులు బండోడి ఫోన్లోని "షెడ్డు" నంబరు టైపు చేశాడు. సేవ్ నొక్కాడు. చూసేవాళ్ళకు అక్క ఇప్పుడే రౌటర్ ఆపి వెలిగించినట్టు ఉంటుంది.

కానీ అది పొద్దుటి నంబరు. ఈలోగా షెడ్డులో ఎవరైనా రౌటర్ ఆపి ఉంటే సిగ్నల్ గాల్లో కలిసిపోతుంది. అప్పుడు వాళ్ళు పాత నంబరే మళ్ళీ ప్రయత్నిస్తారు. ఆ షెడ్డులో ప్లగ్గులు పీకే అక్క ఎవరూ ఉండకూడదని నత్త కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు.

పిస్టల్ కోసం బట్టల గుట్టలో చెయ్యి పెట్టాడో లేదో షట్టరు కిరకిరలాడింది. సెంటు వాసన వచ్చింది.

"వెతక్కు. చేతులు బయటికి తీయి."

ముత్యాలావిడ. తెల్లటి గ్లవ్స్, చిన్న సైలెన్సర్ పిస్టల్. మెడలో దండ ఉంది. దారం కాదది, ఉక్కు తీగ. తీగమీద ఒక ముత్యానికి సరిపడా ఖాళీ.

"ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే ఒకటి తక్కువైంది" అందావిడ, నేలమీది బండోడి వంక చూసి మొహం చిట్లిస్తూ. "ఇలాంటి చోట వస్తువులు వదిలేయకూడదు కదా."

"ఆయన టీ ఇచ్చేవాడు నీకు కూడా" అన్నాడు నత్త.

"నీకు జాలి ఎక్కువ. అందుకే నీతో కబుర్లు చెప్పడం సులువు." ఆవిడ రెండో చేత్తో ఫోన్ తీసింది. టింగుమంది. "లాయరు లోపలికి వెళ్ళాడు. నువ్వు కూడా ఉండి వినడం నీ అదృష్టం. ఇక్కణ్ణించి చప్పుడు వినపడదులే గానీ."

"వద్దు. కావాలంటే నన్ను చంపు. మా అక్క జోలికి పోకు." ఆ మాట నటన కాదు.

"చూడకుండా నొక్కేదాన్ని కాను, కంగారుపడకు." ఆవిడ బొటనవేలితో లాగ్ తెరిచింది. కనుబొమ్మలు పైకి లేచాయి. "ఓహో! నంబరు మారిందే. బ్యాకప్ డబ్బా పెట్టినా మీ అక్క ఊరుకోలేదా? ఇందాకే మళ్ళీ పళ్ళు తోముకున్నట్టుంది." పకపకా నవ్వి, కొత్త నంబరు కాపీ చేసుకుంది.

నత్త ఊపిరి బిగబట్టాడు. ఎవరి ఇంటి ఇంటర్నెట్ నంబరు వాళ్ళకు తెలిసి ఉంటుంది ఈ లోకంలో? రాసిపెట్టుకునే పిచ్చి నత్తకొక్కడికే ఉంది.

ఆవిడ నొక్కింది.

ఒక క్షణం ఏమీ జరగలేదు. అప్పుడు నాలుగు వీధుల అవతల నుంచి పెద్ద పేలుడు. హ్యాంగర్లన్నీ గలగలలాడాయి. షట్టరు సందులోంచి గోడౌన్ల వైపు నల్లటి పొగ లేవడం కనిపించింది.

ఆవిడ మొహంలో రంగు మారింది. "అది మా షెడ్డు…"

"అవును. మీ వాళ్ళు లాగ్ పెట్టుకోలేదు" అన్నాడు నత్త.

అర్థం కావడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. బొటనవేలు పాత నంబరు మీదికి జారింది. నూట పదిహేడు. నత్త ఒక్క దూకు దూకాడు. తూటా అతని భుజంలోంచి దూసుకుపోయింది. ఫోన్ పట్టుకున్న ఆవిడ చేతిని దొరకబుచ్చుకుని స్టీమ్ ప్రెస్ కింద పెట్టి, ఒంటి బరువంతా వేసి మూత దించాడు. ఫోన్ చిట్లిన చప్పుడు, వేళ్ళు చిట్లిన చప్పుడు, ఆవిడ కేక, మూడూ ఒకేసారి వినిపించాయి. సైలెన్సర్ మళ్ళీ తన కడుపు వైపు తిరగడం చూసి నత్త ఆవిడ మెడలోని దండ పట్టుకుని గట్టిగా లాగాడు. తీగ తెగలేదు. ఓనరు విషయంలోనూ తెగలేదు.

ఆవిడ కాళ్ళు కొట్టుకోవడం ఆగాక కూడా చాలాసేపు వదల్లేదు. తర్వాత అక్కడే ఆవిరిలో, ఓనరు బూట్ల కింద, ఆయన నెత్తురులోనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆస్పత్రిలో తెల్లవారింది. భుజానికి, పక్కటెముకలకు కట్లు, ఛాతీ నిండా వైర్లు, మంచం పక్కన టిక్కు టిక్కుమనే మెషీను. డబ్బాను నిపుణులు ఊడదీసి తీసుకుపోయారని, కెమిస్టు డాక్టరుగారు నోరు విప్పారని పెద్దాయన చెప్పి వెళ్ళాడు. నత్త విన్నాడు గానీ మనసు అక్కడ లేదు. ఒంటిచేత్తో ఫోన్ పట్టుకుని లాగ్ వంకే చూస్తున్నాడు.

కొత్త లైను పడింది. ఈ రోజు తేదీ, పొద్దుటి టైము, కొత్త నంబరు.

"పళ్ళు తోముకుంది" అని పైకే అనుకున్నాడు. కళ్ళు మసకబారాయి. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియలేదు.

ఉన్నట్టుండి వార్డంతా గోలగోలగా అలారం మోగింది. నర్సులు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. వెనకే డ్యూటీ డాక్టరు. నత్త ఉలిక్కిపడి దిండు కింద పిస్టల్ కోసం తడుముకున్నాడు.

మంచం పక్కన అక్క నిలబడి ఉంది. ఒక చేతిలో ఫ్లాస్కు, రెండో చేతిలో మెషీను ప్లగ్గు.

"నువ్వు నిద్రపోతున్నావు కదరా, అది ఊరికే వెలుగుతోందని…" అంది అక్క.