అరవని బండి

"మా బావను చంపింది లోయ కాదు సార్. ఈ గది చంపింది. ఈ బల్ల, ఈ పెన్ను, ఆ పెన్నుతో పెట్టిన మీ సంతకం."

పానా ఆ మాట అన్నది బ్రీఫింగ్ రూంలో, ఫ్యాను కింద నిలబడి. ఎదురుగా చీఫ్. చీఫ్ వెనక గోడమీద మ్యాపు. చీఫ్ ముఖంలో ఏ మార్పూ లేదు. అవమానాలను ఫైల్లో పెట్టి మూసేసే అలవాటు ఆయనకు పాతికేళ్ళుగా ఉంది.

పానా అన్నది ఆ శాఖలో అతని కోడ్ నేమ్. గూఢచారి శాఖ గ్యారేజీలో మెకానిక్ వేషం అతనిది. నిజానికి వేషం కూడా కాదు. చేతులకు నల్లగా పట్టిన ఆయిల్ అసలుదే. తుపాకీ కాల్చడం వచ్చు, రెండు విదేశీ భాషలు వచ్చు, బోల్టు బిగుసుకుపోతే కాలితో తన్ని విప్పడమూ వచ్చు. అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, అదే శాఖలో డ్రైవరు. మూడు వారాల క్రితం కొండదారిలో మూడో మలుపు దగ్గర బావ నడుపుతున్న కారు బ్రేకులు పడక లోయలోకి పోయింది. విచారణ రెండు పూటల్లో తేలిపోయింది. రిపోర్టు ఒక్క పేజీ. కారణం దగ్గర రెండే మాటలు: డ్రైవర్ నిర్లక్ష్యం.

ఆ నిర్లక్ష్యపు మనిషి చచ్చిపోయే ముందు గ్యారేజీ కంప్లయింట్ బుక్‌లో మూడుసార్లు రాశాడు. ముందు ఎడమ చక్రం కీచుమంటోంది, చూడగలరు. మళ్ళీ కీచుమంటోంది, చూడగలరు. దయచేసి చూడండి. మూడింటి పక్కనా 'చూశాం' అని చీఫ్ పొట్టి సంతకం ఉంది. చూసింది లేదు, చచ్చింది లేదు. చచ్చింది రాసినవాడు.

"ఆ సంగతి తర్వాత" అన్నాడు చీఫ్. "ముందు అసైన్‌మెంట్."

అసైన్‌మెంట్ చిన్నది, గడువు ఇంకా చిన్నది. శాఖలో గబ్బిలాలు అని పిలిచే విదేశీ ముఠా నాయకుడు మధ్యాహ్నం పన్నెండుకు కోర్టు మెట్లు దిగి దర్జాగా ఇంటికి పోబోతున్నాడు. సాక్ష్యం లేదు కాబట్టి. ఆ సాక్ష్యం కొండమీది రహస్య బంగళాలో హంస దగ్గర ఉంది. హంస డబుల్ ఏజెంటు. ఎనిమిది నెలలుగా గబ్బిలాలతో నవ్వుతూ వాళ్ళ చిట్టా ఫిల్ము మీదికి ఎక్కించింది. ఆమెను కిందికి తేవాలి. ఎస్కార్టు పెడితే ముఠాకు తెలిసిపోతుంది. అందుకని డ్రైవింగ్ స్కూలు కారు. నెత్తిమీద బోర్డు, ముందూ వెనకా ఎర్ర ఎల్ అక్షరం. హంస నేర్చుకునే మనిషి, పానా నేర్పే మాస్టారు. నత్తలా కొండ దిగే బండిని ఎవడూ అనుమానించడని చీఫ్ లెక్క.

దారి అదే. బావ దిగిన దారి.

గ్యారేజీలో కారు సిద్ధంగా ఉంది. మేస్త్రీ గుడ్డతో బానెట్ తుడుస్తున్నాడు.

మేస్త్రీ అంటే పానాకు మెకానిక్ పని నేర్పిన గురువు మాత్రమే కాదు. పానా నాన్న పోయినప్పుడు ఒకవైపు బావ, ఒకవైపు మేస్త్రీ పట్టుకుంటేనే అతను నిలబడ్డాడు. బండి జబ్బు కళ్ళతో కాదు, చెవులతో పట్టాలని చెప్పింది మేస్త్రీ. బ్రేకు తొక్కినప్పుడే అరిస్తే దుమ్మో తుప్పో. తొక్కినా తొక్కకపోయినా గరగరమంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్ వెనక రేకు వంగి రాసుకుంటోంది. వేగంతో పాటు హోరు పెరిగితే బేరింగు. మామూలుగా పోతున్నప్పుడు కీచుమంటూ, బ్రేకు తొక్కగానే నోరు మూసుకుంటే అదే అసలు ప్రమాదం. ఆ డిస్క్‌ను నొక్కి ఆపే బ్రేకు ప్యాడ్‌కి ఒక చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగిపోయాక ఆ నాలుక డిస్క్‌ను గీరుతూ అరుస్తుంది. నేను అయిపోయాను, నన్ను మార్చండి మొర్రో అని. తొక్కితే ఆగుతుంది కాబట్టి డ్రైవర్లు బాగయిందనుకుంటారు. అనుమానం ఉంటే అద్దం దించి గోడ పక్కన నడుపు, గోడ నీకు చెప్తుందనేవాడు మేస్త్రీ. ఇంకోటి కూడా అనేవాడు: అరిచే బండి నా షెడ్డు గుమ్మం దాటదు.

నిన్న సాయంత్రం ఈ కారు గేట్లోకి వస్తూ సరిగ్గా అలాగే అరిచింది. ముందు ఎడమ చక్రం. తొక్కగానే మానేసింది. పానా ప్యాడ్లు మార్చాలని జాకీ అందుకోబోతే మేస్త్రీ లాక్కున్నాడు. రేపు కొండ దిగాల్సినవాడివి, పోయి అక్క దగ్గర నాలుగు మెతుకులు తిని పడుకో, నేను మారుస్తానన్నాడు. పానా ఇంటికెళ్ళి అక్కతో చెప్పాడు. మేస్త్రీ చూస్తున్నాడక్కా, ఇంక భయం లేదని. మీ బావతోనూ అదే మాట అన్నావురా అంది అక్క. కంచం ముందు పెట్టింది.

ఇప్పుడు మేస్త్రీ కొత్త ప్యాడ్ల ఖాళీ పెట్టె చూపించాడు. పానా భుజం తట్టి, జాగ్రత్తరా నాయనా అన్నాడు.

బంగళా గుమ్మంలో హంస నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పెదాలు, చూసినవాడు తన పేరు మరిచిపోయేంత అందం. చేతిలో చెప్పులు. ఎత్తు మడమలతో క్లచ్ తొక్కలేక ముందే విప్పేసింది.

"క్లచ్ ఏ కాలితో తొక్కాలి మాస్టారూ?"

"భయపడే కాలితో."

కోడ్ సరిపోయింది. ఆమె ఫిల్మును వెనక ఎల్ బోర్డు అట్టకీ రేకుకీ మధ్య దోపి, స్టీరింగు ముందు కూర్చుంది. మాస్టారి వైపు ఇంకో బ్రేకు పెడల్ ఉంటుంది కదా, ఇంక నాకు దిగులేమిటని నవ్వింది. రెండు పెడళ్ళకూ నూనె గొట్టాలు ఒకటేనని పానా చెప్పాడు. పాతకాలపు బండి. ఒక్క గొట్టం తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు.

బంగళా ప్రహరీ పొడవునా చదునైన రోడ్డు. అలవాటు కొద్దీ పానా అద్దం దించి, గోడ పక్కగా పోనివ్వమన్నాడు. గోడ ఏమీ చెప్పలేదు. టైర్ల కింద కంకర చప్పుడు తప్ప చిన్న గీర కూడా లేదు. చెయ్యంటే మేస్త్రీ చెయ్యి అని మురిసిపోయాడు.

గోడ అయిపోయింది. దిగుడు మొదలైంది. మురిపెం కూడా అక్కడే ఆగింది. పాత డిస్క్ మీద కొత్త ప్యాడ్లు వేస్తే మొదట కొన్ని మైళ్ళు సర్రుమని రాసుకోవాలి. కొత్త చెప్పు కరిచినట్టు. ఇది కరవడం లేదు. నిన్న అరిచిన నోరు ఇవాళ గుసగుస కూడా ఆడటం లేదు.

హంస తనకు తెలిసింది చెప్తూ పోతోంది. శాఖలో గబ్బిలాల మనిషి ఒకడున్నాడట. ముఖం తను చూడలేదు. మొన్న విందులో మాత్రం ఒకడు తాగి వాగాడు.

"ఏమన్నాడు?" అన్నాడు పానా.

"పోయినసారి బండి అరిచింది, మనవాడు సిగ్గుపడ్డాడు. ఈసారి అరవదు అని. నాకేం అర్థం కాలేదు."

పానాకు అర్థమైంది. మాటలకంటే ముందే అర్థమైంది. అరిచే బండి నా షెడ్డు గుమ్మం దాటదు. కాదు, కాదు అనుకుంటూనే అతని చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదికి పోయింది.

"బ్రేకు గట్టిగా తొక్కకు. సెకండ్ గేరు. ఇప్పుడు ఫస్టు. కొండ వైపు గోడకు ఆనించి నడుపు."

"పెయింటు పోతుంది మాస్టారూ."

"పోనీ."

ఇంజను ఏనుగులా మూలిగింది. వేగం తగ్గింది. సరిగ్గా మూడో మలుపు దగ్గర బూడిదరంగు లారీ ఒకటి పక్క సందులోంచి వచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఎదురుగా లారీ కనపడితే మనిషి కాలు ఏం చేస్తుందో గబ్బిలాలకు తెలుసు. ఎనిమిది నెలలు చావుతో ఆడుకున్న హంస కాలు కూడా అదే చేసింది. గట్టిగా తొక్కేసింది.

ముందు చక్రం దగ్గర టప్‌మంది. పెడల్ బురదలో దిగినట్టు అడుగుదాకా దిగిపోయింది.

పానా హ్యాండ్ బ్రేక్ రెండు చేతులతో లాగాడు. దానికి నూనెతో పనిలేదు, తీగ మీద నడుస్తుంది. కారు ఎడమ పక్కంతా రాతిగోడకు రాసుకుంటూ, నిప్పురవ్వలు చిమ్ముతూ జారింది. అద్దం ఎగిరిపోయింది. తలుపు పిడి ఊడిపోయింది. లారీకి జానెడు దూరంలో ఆగింది. అప్పటికి టైము పదకొండూ ఇరవై.

లారీ డ్రైవరు లోయలోకి తొంగి చూస్తూ కిందికి దిగాడు, అక్కడేదో ఉంటుందన్నట్టు. తిరిగి చూసేసరికి చెప్పులు లేని అందగత్తె ఒకతె అతని ముక్కుకు పిస్తోలు ఆనించి ఉంది. నేర్చుకునేవాళ్ళం కనపడితే పక్కకు తప్పుకోవాలని మీ మాస్టారు చెప్పలేదా అని అడిగింది.

పానా అదేమీ వినలేదు. జాకీ ఎత్తి ముందు ఎడమ చక్రం విప్పాడు. రబ్బరు గొట్టం పగిలి వేలాడుతోంది. చీలికలో సగం చిరుగు, మిగతా సగం బ్లేడుతో గీసిన నున్నని కోత. ప్యాడ్లు పాతవే, బిళ్ళంత మందం కూడా లేవు. రేపు లోయలో వెతికేవాళ్ళకు అరిగిన ప్యాడ్లే దొరకాలి మరి, రిపోర్టులో మళ్ళీ ఆ రెండు మాటలే రాసుకోవడానికి. ఉక్కు నాలుకను కటింగ్ ప్లయర్‌తో వెనక్కి మడిచేశారు. ప్యాడ్ వీపున మాత్రం కొత్త గ్రీజు, చప్పుడు రాకుండా. మధ్యలో కాదు, మూలల్లో, ఉంగరపు వేలితో పెట్టిన మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కలు పెట్టడం పానాకు ఎనిమిది రోజులు నేర్పారు. ఒక్క చుక్క ఎక్కువైతే చెయ్యి మీద కొట్టేవాడు మేస్త్రీ. లోకంలో అలా పెట్టేవాళ్ళు ఇద్దరే. ఒకడు ఇక్కడ రోడ్డుమీద కూర్చుని ఉన్నాడు.

ఏడవడానికి టైము లేదు. లారీ డ్రైవర్ని వెనక కట్టిపడేసి, ఎల్ బోర్డు పీకి, ఆ లారీలోనే దిగారు. పదకొండూ యాభై ఎనిమిదికి హంస కోర్టు హాల్లోకి చెప్పులు చేతపట్టుకునే పరిగెత్తింది. ముఠా నాయకుడు అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. ఒక చెయ్యి తొడిగాక రెండో చేతికి బేడీ పడింది.

పానా కోర్టులో లేడు. గ్యారేజీలో ఉన్నాడు.

మేస్త్రీ కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు. పానాను చూసి కడగడం ఆపలేదు. వేళ్ళ సందులు కూడా శుభ్రంగా రుద్దుకుని, గుడ్డకు తుడుచుకుని, అప్పుడు అడిగాడు.

"అరిచిందా?"

"లేదు. అందుకే తెలిసింది."

మేస్త్రీ తల ఊపాడు. ఆ క్షణాన కూడా అతని ముఖంలో కాస్త గర్వం కనపడింది. పానాకు అన్నిటికంటే అదే ఎక్కువ కోసింది.

"మా బావ నిన్ను అన్నా అని పిలిచేవాడు" అన్నాడు పానా. జీవితంలో మొదటిసారి మేస్త్రీని నువ్వు అన్నాడు.

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ప్రతి బండి గుండెకీ చెవి ఆనించి విన్నానన్నాడు. తన మాట ఆ పై అంతస్తులో ఒక్కడూ వినలేదన్నాడు. బండ్లు ముసలివైపోయాయి, మార్చండని ఎన్ని కాగితాలు పెట్టినా చూశాం అని సంతకం పెట్టి పంపారన్నాడు. గబ్బిలాల మనిషి మాత్రం ఎదురుగా కూర్చుని గంటసేపు విన్నాడట.

"విన్నాడని మమ్మల్ని అమ్మేశావా?"

"మీ బావ ఆ రోజు సెలవులో ఉండాల్సిందిరా. వాడి డ్యూటీ కాదది."

"ఇవాళ్టిది నా డ్యూటీ అని తెలుసు కదా."

గార్డులు వచ్చి తీసుకుపోతుంటే మేస్త్రీ, గోడకు ఆరిపోయిన దీపంలా వేలాడుతున్న తన పాత ఓవరాల్ డ్రెస్సు వైపు ఒకసారి చూశాడు. పానా వైపు చూడలేదు.

సాయంత్రం చీఫ్ గదిలో పళ్ళరసం గ్లాసులు, చప్పట్లు. మిషన్ సక్సెస్ అన్నాడు చీఫ్. నీకు మెడల్‌కి రాస్తానన్నాడు. పానా ఒక్కడే రాలేదు, అక్కను వెంటబెట్టుకు వచ్చాడు. కంప్లయింట్ బుక్‌నూ, ఆ ఒక్క పేజీ రిపోర్టునూ బల్లమీద గ్లాసుల మధ్య పడేశాడు. గ్లాసొకటి ఒరిగింది.

"మెడల్ మీ దగ్గరే ఉంచుకోండి. గొట్టం కోసింది మేస్త్రీయే. కానీ మా బావ మూడుసార్లు అరిచాడు, మూడుసార్లు ఆ నోరు మూసింది మీ పెన్ను. ఈ రెండు మాటలు కొట్టెయ్యండి. రేపు కాదు, కమిటీ వేసి కాదు. ఇప్పుడు, మా అక్క చూస్తుండగా. పక్కన నిజం రాయండి. డ్రైవరు చెప్పాడు, మేం చదవలేదు అని. కింద పూర్తి సంతకం పెట్టండి, పొట్టిది కాదు."

చీఫ్ అక్క వైపు చూశాడు. ఆమె ఒరిగిన గ్లాసు నిలబెట్టి, పెన్ను మూత తీసి ఆయన ముందు పెట్టింది.

చీఫ్ పెన్ను అందుకుని ఆ రెండు మాటల మీద అడ్డంగా గీత గీశాడు. పానా తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు సార్, పొద్దున గేటు దగ్గర మీ కారు కీచుమంది. ముందు ఎడమ చక్రం. బుక్‌లో చివరి పేజీలో రాశాను. చదివాకే ఎక్కండి."