నాలుగో కవరు

"దవాఖానాకు ఆరోగ్యం వచ్చిండు సిస్టర్," అంది ఆయా, నవ్వు ఆపుకుంటూ.

నర్సు హెప్సిబా పట్టీ కట్టే చేయి ఆపకుండానే తలెత్తింది. గుమ్మంలో పొడుగాటి యువకుడు. వానకు తడిసిన చొక్కా, తడవకుండా పొట్టకు హత్తుకున్న ఫైలు.

"మా తాత పేరు పెట్టిండ్రు. నవ్వుకోండి, నాకు అలవాటే," అన్నాడు.

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న చిన్న మిషన్ దవాఖానా అది. 2006 వానాకాలం. మానని కాలిపుండ్లకు రోజూ మార్చే మామూలు పట్టీ మేలా, వారానికొకసారి మార్చే కొత్త పట్టీ మేలా అని అక్కడ ట్రయల్ నడుస్తోంది. ఎవరికి ఏది కట్టాలో డాక్టరు చేతిలోనూ లేదు, నర్సు చేతిలోనూ లేదు. పేషంట్ సంతకం పెట్టాక వరుసలో ఉన్న సీలు కవరు చింపి, లోపల ఏది రాసుంటే అది కట్టాలి. ఖమ్మం ఆఫీసులో ఆ కవర్లు తయారుచేసింది ఆరోగ్యమే. మూడు నెలల రికార్డు చూడటానికి వచ్చాడు.

మధ్యాహ్నానికి రిజిస్టర్ మీద అతని వేలు ఆగింది.

"సిస్టర్, కొత్త పట్టీ పడ్డోళ్లల్ల ఎక్కువమంది అడవి ఊర్లోళ్లే. గిట్లెట్ల పడ్డది?"

"దేవుడి దయ," అంది హెప్సిబా కత్తెర కడుగుతూ.

బెంచీ మీదున్న రాఘవమ్మ ఊరుకోలేదు. "ఆ దయ నాకు లేదు నాయనా. పోయిన వారం వస్తే, రేపు రా పెద్దమ్మా అని పంపేసింది. నా తర్వాతొచ్చిన అడవి తండా భీమ్లాని మాత్రం లోపలికి పిలిచింది."

హెప్సిబా ముఖం పాలిపోయింది. ఆరోగ్యం ఆమెను వరండాలోకి పిలిచాడు.

"కవర్లు ఎండకు పట్టి చూసిండ్రా?"

"నేనంత దొంగనా సార్? మీ కవర్లు మందమే, మీ లెక్కే పల్చన. ప్రతి నాలుగు కవర్లల్ల రెండు కొత్తవి, రెండు మామూలువి. మూడు చింపినంక నాలుగోదాంట్ల ఏముందో నాకు ఎర్కే. అది కొత్తదైతే, దూరపోళ్ల కోసం ఆపిన."

అతను వేళ్ల మీద నాలుగు లెక్కపెట్టి చూసుకున్నాడు. అంతకుముందు మాత్రల ట్రయల్‌కు ఇలాగే నాలుగేసి చొప్పున లిస్టు కట్టాడు. అక్కడ రెండు మాత్రలూ ఒకేలా ఉండేవి. ఎవరికి ఏది పడిందో ఎవరికీ తెలియదు గనక తర్వాతిది ఊహించే దారే లేదు. ఇక్కడ పట్టీ అందరి కళ్లకూ కనిపిస్తుంది. ఆ తేడా తను ఆలోచించనే లేదు.

"భీమ్లా రోజూ రావాల్నంటే రెండు వాగులు దాటాలె. రాఘవమ్మ పెద్దమ్మ ఇల్లు గీ రోడ్డు మీదనే. నాది తప్పే సార్. కానీ ఆ కాలు చూసినంక మనసాగలే."

"వట్టి కాళ్లతో అడవిల తిరిగేటోళ్లంత కొత్త పట్టీ దిక్కే పడితే, పుండ్లు మానకుంటే ఏమంటరు? పట్టీ మంచిది కాదని పక్కకు పెడ్తరు. భీమ్లాసొంటోళ్లకు అది ఇంకెన్నడు రాదు."

ఆమె కళ్లు నిండాయి. "గది నాకు తట్టలే."

"నాలుగేసి పెట్టుడు తప్పని నాకూ తట్టలే," అన్నాడతను మెల్లగా.

అతను తన మీద ఫిర్యాదు మోసుకుపోతాడనుకుంది హెప్సిబా. సాయంత్రం పెద్ద డాక్టరమ్మ ముందు అతను మొదట చదివింది తన సొంత తప్పే. అది వినగానే హెప్సిబా లేచి నిలబడి, తనది తనే చెప్పింది. డాక్టరమ్మ ఇద్దరి చేతా జరిగింది రాయించి, ట్రయల్ మంచిచెడ్డలు చూసే కమిటీకి పంపింది.

కమిటీ గట్టిగా మందలించింది; పని మాత్రం ఆపలేదు. కొత్త లిస్టు రెండేసి, నాలుగేసి, ఆరేసి గుంపులు కలగలిపి, తర్వాతిది ఊహకందకుండా తయారైంది. ఆ లిస్టు ఖమ్మంలోనే ఉంటుంది. పేషంట్ సంతకం పెట్టాక హెప్సిబా ఫోన్ చేసి అడగాలి. మామూలు పట్టీ పడ్డ దూరపు వాళ్లకు తండాలోనే రోజూ కట్టేలా ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించాలన్నది ఆరోగ్యం మాట. నేర్పింది హెప్సిబా.

"సంతకం అయిందా సిస్టర్?"

"అయింది. బిచ్యా, యాభై ఏండ్లు. జర కొత్తది చెప్పుండ్రి సార్."

"మామూలు పట్టీ."

"మీకు గుండె లేదు."

"నాకుంది. లిస్టుకే లేదు."

దసరా నాటికి అతని నోట 'సిస్టర్' పోయి 'హెప్సిబా గారు' వచ్చింది. అది ఆమె గమనించింది, గమనించనట్టే ఉంది.

ఫిబ్రవరిలో చివరి పేషంట్ చేరాడు. ఇక ఫోన్ చేసే పని లేదు. వారం గడిచింది. ఎనిమిదో రోజు ఆమె నంబరు నొక్కింది.

"పేషంట్ పేరు చెప్పండి," అన్నాడు అలవాటుగా.

"పేషంట్ లేరు."

"మరి?"

"ఊరికే చేసిన."

అటువైపు ఫైలు మూసిన చప్పుడు.

"మా అమ్మ అంతోనమ్మకు మీ సంగతి చెప్పిన," అన్నాడు. "మనది కతోలిక చర్చి, వాళ్లది వేరే కదరా అని గొణిగింది. తర్వాత, పిల్ల ఎసొంటిదని అడిగింది."

"ఏం చెప్పిన్రు?"

"తప్పు చేస్తే నిలబడి ఒప్పుకుంటదని చెప్పిన. అయితే నన్ను తీస్కపో అన్నది. ఆదివారం రమ్మంటరా?"

హెప్సిబా ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"మా నాయన ప్రార్థన నుంచి వచ్చేసరికి పదకొండైతది. పన్నెండుకు రండి. అన్నం తినిపోవాలె," అంది.

ఆమె తండ్రి బెంజమిన్‌కు ఈ సంగతి ఇంకా తెలియనే తెలియదు. సాయంత్రం ఇంటికి వెళ్లి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూనే ఆమె వార్డులోకి నడిచింది. నవ్వు మాత్రం ఆగడం లేదు.