జంటలెక్క

నింగికన్ను వచ్చే వేళయింది. పల్లెలో ప్రతి గడప మీదా ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నూకరత్నం లేవబోయింది.

"కూకో," అంది అత్త పైడమ్మ. "అది ఎల్లిపోయేదాకా కూకో."

"నడుం పట్టేసింది అత్తా."

"ఆడు ఏడాదయి నీళ్ల మీదున్నాడు. నీకు గడప మీద కూకోడం కట్టంగా ఉందా?"

ఇసుకలో నిలబడి వింటున్న వారిజకు ఆ మాట గుచ్చుకుంది. జంటలెక్క ఆమెదే. ఒకప్పుడు సముద్రపు పిట్టల లంకను ఆకాశం నుంచి ఫొటోలు తీసి, గూటి మీద కూర్చున్న ప్రతి పిట్టకూ వేటకు పోయిన జతను కలిపి లెక్కగట్టేది. ఎగిరే పిట్టలను వదిలేసేది. ఆ పద్ధతి బాగుందని ప్రభుత్వం తీరపు మనుషులకూ దాన్నే పెట్టింది. గడప మీద కూర్చున్న మనిషి ఒకరైతే, సముద్రం మీద మరొకరు. నిలబడ్డవాళ్లు దారినపోయేవాళ్లు, లెక్కలోకి రారు. పైనుంచి ఫొటోలు తీసుకుపోయే నింగికన్నుకు ముఖాలతో పని లేదు. బియ్యం, మంచినీళ్లు ఆ లెక్క ప్రకారమే ఇంటి ముందు దిగుతాయి.

ఏడాది కిందటి తుఫానులో నూకరత్నం మొగుడు ఎల్లాజి పడవ ముక్కలై ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఎల్లాజి రాలేదు. లెక్కలో ఉన్నవాడికి దినం చెయ్యలేమన్నారు కులపెద్దలు. దినం కానిదే నూకరత్నం అక్క దగ్గరికి పోవడానికి లేదు. అందుకే ఆమె వారిజకు కబురు పెట్టింది.

నింగికన్ను వెళ్లిపోయింది. వారిజ గడప దగ్గరకొచ్చి పైడమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ యంత్రానికి మీ అబ్బాయి కనపడడు. మీ కోడలు కూర్చుని ఉంటే, ఆయన ఉన్నాడనుకుంటుంది. అంతే."

పైడమ్మ కోడలి వైపు చూసింది.

"నేనూ అంతే కదమ్మా," అంది. "దీన్ని సూసే ఆడున్నాడనుకుంటన్నాను."

వారిజ తల దించుకుంది. జత తిరిగిరాని పిట్ట కూడా కొన్నాళ్లు గూటి మీద కూర్చునే ఉంటుందని ఆమెకు తెలుసు. లంకలో అలాంటివాటిని చూసింది. లెక్కలో వాటికి చోటివ్వలేదు. తేడా చాలా చిన్నదని అప్పట్లో రాసుకుంది. నిజానికి ఒంటరిదాన్ని ఒంటరిదిగా చూడటం తనకే ఇష్టం లేకపోయిందేమో.

"ఈ ఒక్క ఇంటికీ సరిచెయ్యలేరా?" అడిగింది నూకరత్నం.

"ఇంటి లెక్క వేరుగా ఉండదు. తీరమంతటికీ ఒకటే."

"మరి పెద్దలతో సెప్పండి, ఆడు లేడని."

వారిజ చెప్పింది. కన్ను చెప్పిందే తప్పయితే మీ మాటెందుకు నమ్మాలి, రెండూ మీవే కదా అన్నారు పెద్దలు. ఒకాయన నవ్వాడు కూడా.

మర్నాడు నూకరత్నం దినం లేకుండానే అక్క ఊరికి వెళ్లిపోయింది. అత్త ఆపలేదు. కోడలి ఎర్రచీర ఒకటి మాత్రం అడిగి తీసుకుంది.

ఆ వారం ఫొటోలు వచ్చినప్పుడు వారిజ ముందు ఆ గడపనే వెతికింది. ఎర్రచీరలో ఎవరో కూర్చుని ఉన్నారు. నడుం వంగిపోయి ఉంది. యంత్రం పక్కన ఎప్పటిలాగే రాసింది: సముద్రం మీద ఒకరు.

కాసేపటికి నూకరత్నం ఫోన్ చేసింది.

"ఇక్కడా మా ఆయన బియ్యం దిగాయమ్మా. అక్క పక్కన గడప మీద కూకున్నాను, అంతే. మొగుణ్ణి ఏ పడవలో దాచావని మా బావ ఎగతాళి సేత్తన్నాడు. ఊళ్లో అడగనోళ్లు లేరు."

"నిలబడి చూశావా?"

"నిలబడితే నా గింజలు కూడా రాలేదు."

వారిజ ఎదుట రెండు ఊళ్ల ఫొటోలూ తెరిచే ఉన్నాయి. చచ్చిపోయిన ఎల్లాజి రెండు చోట్లా వేటకు పోయి ఉన్నాడు.

"సెప్పండమ్మా," అంది నూకరత్నం. "నేనెక్కడ కూకోవాలి?"